భుజం మీద వాలిన తల

కురుగోడు నుంచి బళ్లారి వెళ్లే బస్సులో నా పక్కన ఒక నడివయసు ఆవిడ కూర్చుంది. ఆమెకు అటుపక్క భర్త, ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. అతను లేస్తాడేమోనని ఆమె కదలకుండా బిగుసుకుని ఉంది.

"అన్నకు నువ్వంటే ఎంత ప్రేమక్కా!" అన్నాను.

ఆమె నవ్వింది. "ప్రేమ యాడిదమ్మా, నిద్ర. నా జాగాలో నువ్వు కూచోనుంటే నీ మింద పడేటోడు. నేనూ శానా ఏండ్లు ప్రేమే అనుకొన్యా. ఈయప్ప ఎప్పుడూ ఆ మాట అన్లేదు. నేనే అనుకొన్యా."

అతని మొహం మీద ఎండ పడితే కొంగు అడ్డం పెట్టింది.

బస్సు దిగగానే, నన్ను పెళ్లి చేసుకుంటాడని నేను అనుకుంటున్న అతను ఫోన్ చేశాడు.

"ఏం తోస్తాలేదు, అందుకే చేసినా" అన్నాడు.

అతను ఎప్పుడూ అనే మాటే. నేను వినడం అదే మొదటిసారి.