ముందు పది చీరలు, తర్వాత వరుస

ఉద్యోగం కొత్తలో మనకు తెలియనిది ఏదీ లేదనిపించే రోజులుంటాయి చూడండి, నాకు అవి సరిగ్గా మూడు నెలలున్నాయి. హన్మకొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఒక చీరల సేటుకు మేం చేస్తున్న ప్రోగ్రాం డెమో బాగా జరిగితే నేను పర్మనెంటు, లేకపోతే ఇంటికి. మా టీమ్ లీడర్ చష్మా అన్న ఈ సంగతి రోజుకు రెండుసార్లు గుర్తుచేసేవాడు. (మరిచిపోయాననుకున్నాడేమో. నేనేదీ మరిచిపోను.)

ఒక్కో చీరకు నాలుగైదు రంగులుంటాయి కదా, అవన్నీ ఒకే కాలమ్‌లో జాబితాగా, అంటే అర్రేగా పెట్టాం. ఆ జాబితాలో ఎక్కడో ఒకచోట ఎరుపున్న చీరల్లోంచి కొత్తవి పది చూపించాలి. ఎరుపును వెతకడం రెండు రోజుల్లో సాధించి గాల్లో తేలిపోయాను. ఇక లోపలి క్వెరీలో లిమిట్ పది పెట్టి, అంటే పది దొరకగానే ఆగమని చెప్పి, వచ్చిన పదింటినీ బయట తేదీ వారీగా సార్ట్ చేశాను. టెస్టింగులో అద్భుతంగా వచ్చింది. (నా టెస్ట్ డేటాలో ఉన్నవే ఎనిమిది చీరలు.)

డెమో రోజు సేటు అసలు సరుకు మీద బటన్ నొక్కి ముందుకు వంగాడు. "గిదేంది బిడ్డా? గివన్నీ నిరుటి చీరలు. మొన్న దిగిన ఎర్ర పట్టుచీర ఏది?"

చష్మా అన్న పకపకా నవ్వాడు. "ఏవో పది తీసి, వాటినే వరుస పెట్టింది సేటూ! అన్నిటిని వరుస పెట్టినంక పది తియ్యాలె."

"మా నాయిన చీరల దుకాణంల గట్లనే తీస్తరన్నా!" అన్నాను మొండిగా. "చేతికందిన పది పరిచి, అండ్ల మంచిది పైన పెడ్తరు."

"ఇది మీ నాయిన దుకాణం కాదు."

సేటు చెయ్యెత్తాడు. "జర ఆగు తమ్మీ. ఆ పిల్ల చెప్పింది నిజమే, మేం గట్లనే తీస్తం. కట్ట అడుగున ఏమున్నదో తెల్వకనే గదా కంప్యూటర్ అడిగిన!"

నా వేళ్లు ఎట్లా ఆడాయో తెలీదు. సార్టింగ్ లోపలికి, లిమిట్ దాని వెనక్కి. బటన్ నొక్కగానే ఎర్ర పట్టుచీర మొదటి వరుసలో ధగధగలాడింది! కుర్చీలోంచి ఎగిరి చప్పట్లు కొట్టాను. సేటూ కొట్టాడు. చష్మా అన్న కొట్టలేదు. (అదీ గుర్తుంది.)

సాయంత్రానికి పర్మనెంటు అయ్యాను. చాలా ఏళ్ల తర్వాత, మొన్న ఒక పెళ్లిలో చష్మా అన్న కనబడితే 'మీ నాయిన దుకాణం కాదు' అన్న ఆ మాట గురించి అడిగేశాను. "నేనన్ననా?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు పాపం. ఇన్నేళ్లుగా ఒక్కదాన్నే మోస్తున్నానన్నమాట! దించేద్దామనుకున్నాను గానీ, ఆ కోపంతో పాటు ఎనిమిది చీరలతో లోకాన్ని గెలిచిన ఆ పిల్ల కూడా పోతుందేమోనని, ఇంకొన్నాళ్లు ఉంచుకున్నాను.