ఏడవని స్నానం

నా నోరు మంచిది కాదని పటాన్‌చెరులో అందరికీ తెలుసు. మా ఆయనకు ఇక్కడ ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం రావడంతో కృష్ణా జిల్లా నుంచి వచ్చిపడ్డాం. ఫిజియోథెరపీ చదివినదాన్ని, ఊరికే ఇంట్లో కూర్చుంటే గోడలతో పోట్లాడతానేమోనని, తొంభైల మొదట్లో బొంబాయి రోడ్డు పక్కన ఒక గది కిరాయికి తీసుకుని చంటిపిల్లలకు వైద్యం మొదలుపెట్టాను. పుట్టుకలోనో, పుట్టిన వెంటనేనో మెదడుకు దెబ్బ తగిలి ఒళ్లు మాట వినని పిల్లలు వాళ్లు. కొందరు కర్రల్లా బిగుసుకుపోతారు, కొందరు తడిగుడ్డలా వాలిపోతారు. ఏడాది నిండకముందే మొదలుపెడితే చాలా చేయొచ్చు. కానీ నావి రెండు చేతులేగా! అందుకే చుట్టుపక్కల ఊళ్లలో ఇంటర్ చదివిన ఆడపిల్లల్ని చేర్చుకుని పని నేర్పించాను. హైదరాబాదులో నాతో చదివినవాళ్లు నవ్వారు. నవ్వితే నాకేం, పళ్లు వాళ్లవేగా.

అసలు తంటా ఆ ఆడపిల్లల చేతులతో వచ్చింది. వీళ్లంతా ఇళ్లలో పసిపిల్లల స్నానాలు చూస్తూ పెరిగారు. ముసలమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపుతుంది, బిడ్డను ముంగాళ్ల మీద పడుకోబెడుతుంది, నూనె రాసి కాళ్లూ చేతులూ బలంగా గుంజుతుంది. ఎంత ఏడిస్తే ఒళ్లు అంత గట్టిపడుతుందని నమ్మకం. మామూలు బిడ్డ తట్టుకుంటాడు. బిగుసుకుపోయే బిడ్డను గుంజితే ఇంకా బిగుస్తాడు. ఈ గుంజుడు మా ఆడపిల్లల వేళ్లలో ముందే ఉంది. అందుకని తలా ఒక బాగా పండిన టమాటా ఇచ్చి, “దీన్ని నూనె చేత్తో రుద్దండి. పగిలిందా, ఇంటికి పొండి!” అని అరిచేదాన్ని. బిడ్డ మీద ఎవరి చెయ్యి బరువుగా పడినా, “టమాటా! టమాటా!” అని నా కేక రోడ్డు దాకా వినిపించేది. నేను అటు తిరగగానే ఆ ఆడపిల్లలు నన్ను అనుకరించేవాళ్లు, దొంగ మొహాలు.

వాళ్లలో పోతిరెడ్డిపల్లి రైతు బిడ్డ ఒకతి. నాకంటే నోరు ఎక్కువ. ఆమె చేతికి నేను పూర్తిగా అప్పగించిన మొదటి బిడ్డ వాళ్ల ఊరివాడే. ఏడాది ఇంకా నిండలేదు. కాళ్లు కత్తెరలా ఒకదాని మీదొకటి పడేవి, పిడికిళ్లు ఎప్పుడూ తెరుచుకునేవి కావు. అమ్మానాన్నా కంపెనీ షిఫ్టుల్లో ఉంటే నానమ్మే బస్సులో తెచ్చేది. మా గదిలో మధ్యాహ్నానికల్లా మెత్తబడేవాడు, మర్నాడు మళ్లీ కర్రలా వచ్చేవాడు. నేను చిందులు తొక్కుతుంటే ఆ పిల్ల అంది:

“మేడం, నన్ను తిడితే ఏమొస్తది? పొద్దుగాల అవ్వ తానం పోస్తది గద. మనం వదులు చేసింది గామె గుంజుతున్నది.”

గుంజొద్దని ముసలమ్మకు చెప్పాం. అంతే, అగ్గి మీద గుగ్గిలం.

“గిదేం వైద్యం? మీరు గుంజరు, పిసుకరు, ఊకె ఊపుకుంట కూసుంటరు. నా కొడుకులకు గిట్లనే పోసిన, గుండ్ల లెక్క ఉన్నరు! ఇగ ఐతారం కట్లు కట్టెటాయన తాన తీస్కపోత. కాళ్లు సక్కగ చేసి కట్టేస్తడు.”

ఆ కాళ్లను బలవంతాన చాపి నెలల తరబడి కట్టేస్తే తుంటి కీళ్లు పాడైపోతాయి, ఇక వాడు నిలబడడం కల్ల. నేను నోరు తెరవబోయాను. ఆ పిల్ల నా చెయ్యి నొక్కింది.

“అవ్వా, రేపు మీ ఇంటికొచ్చి నేనే తానం పోస్త. పోరడు ఏడ్సిండనుకో, కట్లకు ఆటో నేనే మాట్లాడుత.”

“పెండ్లన్న కానిదానివి, నువ్వు పోస్తవానే తానం? రా, సూద్దాం!”

ఇదేం పందెం రా దేవుడా అనుకున్నాను. స్నానంలో ఏడవని పిల్లాడు ఎక్కడైనా ఉంటాడా?

మర్నాడు పొద్దున్నే వాళ్ల వాకిట్లో ఉన్నాం. అమ్మలక్కలు తమాషా చూడ్డానికి గోడవతల చేరారు. “జెర సప్పుడు జేయకుండ కూసోండ్రి మేడం,” అని నన్నే గదమాయించి, పిల్ల సల్వారు మోకాళ్ల దాకా మడిచి పీట మీద కూర్చుని కాళ్లు చాపింది, అచ్చం ముసలమ్మలాగే. వాణ్ని ముంగాళ్ల మీద పడుకోబెట్టింది. అంతవరకే ముసలమ్మ పద్ధతి. కాళ్లు గుంజలేదు. రెండు మోకాళ్లూ మెల్లగా పొట్ట వైపు మడిచి, నడుమును అటూ ఇటూ ఊపింది. కాళ్ల కత్తెర వీడింది. వాడి కింది పెదవి వంకరపోగానే చేతులు తీసేసింది, ఆగింది, మళ్లీ వేసింది. నీళ్లు ముందు పాదాల మీద, తర్వాత పొట్ట మీద. ఇక తల మిగిలింది. ఆమె అరచెయ్యి వాడి నుదుటికి చూరులా అడ్డుపెట్టి నీళ్లు వెనక్కి పోసింది. వాడు కళ్లు చికిలించాడు. అంతే. ఏడవలేదు!

“అగో, గమ్మునున్నడు పోరడు!” అంది గోడవతల ఎవరో.

ముసలమ్మ నమ్మలేక వంగి మొహంలో మొహం పెట్టి చూసింది. వాడి పిడికిలి విచ్చుకుంది. వేళ్లు పైకి లేచి ఆమె ముక్కుపుల్లను గట్టిగా పట్టుకున్నాయి.

“వామ్మో, నా ముక్కు! ఇడ్సరా కొడుకా!”

పిల్ల వాడి వేళ్లు విడదీయబోయింది. ముసలమ్మ ఆ చేతిని పక్కకు తోసింది.

“ఉండనియ్యి, తియ్యకు. పట్టుకోనియ్యి.”

ఆమె కళ్ల నీళ్లు వాడి పొట్ట మీద పడుతున్నాయి. నేను ఎవరైనా చూస్తారన్న సిగ్గు లేకుండా భోరున ఏడ్చాను. పుట్టాక వాడు తనంతట తాను పట్టుకున్న మొదటి వస్తువు అది.

ఆదివారం నాడు ఆటో వచ్చింది, కట్లాయన దగ్గరికి కాదు, మా గది ముందుకి. ముసలమ్మ మనవడితో దిగింది, ముక్కు ఇంకా ఎర్రగా ఉంది. వెనకాలే, బిగుసుకుపోయిన చంటిదాన్ని ఎత్తుకుని ఇంకో ముసలమ్మ. మన పాత ముసలమ్మ మా ఆడపిల్లల వరుసలో నేల మీద చతికిలబడి, కాళ్లు చాపి, మనవణ్ని ముంగాళ్ల మీద వేసుకుని, “ఇగ నేర్పే టీచరమ్మా,” అంది ఆ పెళ్లికాని పిల్లతో.

ముసలి చెయ్యి అలవాటు కొద్దీ కాలు గుంజబోయింది. నేను నోరు తెరిచేలోపే, నా గొంతునే అరువు తెచ్చుకున్నట్టు పిల్ల అరిచింది:

“అవ్వా! టమాటా! టమాటా!”