అంజనం అత్తమ్మ అరచెయ్యి

మా అత్తమ్మ, నా బిడ్డ మాట్లాడుకున్నారండీ! ఏడాది పైగా పలకరింపులు లేని అవ్వా మనుమరాలూ ఒకే మంచం మీద కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ సంతోషం మా ఇంట్లో ఇంకా సర్దుకోనే లేదు, ఆ వారంలోనే అత్తమ్మ పోయింది. పొద్దున్నే చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి ఒరిగింది. మళ్ళీ లేవలేదు. ఏడుపూ ఆనందమూ కలిసి వస్తే మనిషి ఏం చేయాలో నాకు తెలియదు. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే మీరే సర్దుకొని చదవండి.

అత్తమ్మ అంటే మా నాయన చెల్లెలు, నాకు మేనత్త. కల్వకుర్తి దగ్గర మా ఊళ్ళో మా ఇల్లూ ఆమె ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. ఆమె అంజనం చూసేది. తమలపాకుకు ఆముదమూ కాటుకా రాసి, దీపం వెలుగులో ఆ నలుపులోకి చూస్తూ, పోయిన వస్తువు ఎక్కడుందో చెప్పేది. బర్రె తప్పిపోయినా, కమ్మలు పోయినా, అలిగి మొగుడు ఇల్లు విడిచిపోయినా జనం ఆమె అరుగు మీదికే వచ్చేవాళ్ళు.

వచ్చినవాళ్ళను ముందుగా అడిగే మాట ఒక్కటే, “తిన్నవా?” అని. లేదంటే ఆకు ముట్టేది కాదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, వాళ్ళు చెయ్యి కడుక్కున్నాకే దీపం ముట్టించేది. “ఆకలి మీదున్నోనికి అన్ని చెడ్డగనే కనబడ్తయి అల్లుడా” అనేది.

ఒకసారి ఒకరింట్లో కొత్తకోడలి కమ్మలు పోయాయి. అనుమానమంతా తోడికోడలి మీద. అరుపులు, శాపనార్థాలు. అత్తమ్మ ఆకులోకి చాలాసేపు చూసి, “ఇంట్లనే ఉన్నయి. పేరు మాత్రం చెప్ప” అన్నది. తవుడు గంప తెప్పించి నడిమింట్లో పెట్టి, ఇంటిల్లిపాదినీ ఒక్కొక్కరినే లోపలికి పంపింది. మూసిన పిడికిలి తవుడులో పెట్టాలి, తెరిచిన చెయ్యి బయటికి తీయాలి. అందరి వంతూ అయ్యాక గంప కుమ్మరిస్తే తవుడుతో పాటు కమ్మలు రాలాయి. ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. ఆ కోడళ్ళిద్దరూ ఇప్పటికీ ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు.

“నీకు నిజంగ కనబడ్తదా అత్తా?” అని అడిగాను నేను.

“కనబడ్తది. కనబడని రోజు సుత ఉంటది. గా రోజు ఆకును కాదు, ఎదురుంగ కూసున్న మనిషిని చూడాలె.”

అట్లని ఆమె చెప్పినవన్నీ జరిగాయని రాయను, ఇది నా బిడ్డ చదువుతుంది. నా చేనులో బోరుకు జాగా అత్తమ్మే చూపింది. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. “నీళ్ళ సంగతి నాకు తెల్వదు” అని, ఆ తర్వాత ఎవరు పిలిచినా బోరు జాగా చూపడానికి పోలేదు.

ఇక గొడవ సంగతి. నా బిడ్డ నల్లగొండలో టీచర్. సాయంత్రాలు ఇంటర్నెట్‌లో ఉన్న తెలుగు విజ్ఞాన సర్వస్వానికి రాస్తుంది. జీతం లేని పని. అందులో ఎవరైనా రాయవచ్చునట. రాసిన పేజీ ఉంచాలా తీసేయాలా అన్నది మాత్రం అందరూ చర్చించి తేలుస్తారట. ఇది విని అత్తమ్మ కొడుకు, అంటే మా బావ, తల్లి పేరు మీద ఒక పేజీ పెట్టించాడు. ‘త్రికాలజ్ఞాని, దివ్యదృష్టి గల మాత’ అని.

“మాత ఏందిరా! నేను మీ అమ్మను” అని అత్తమ్మ కసిరింది గానీ లోపల మురిసిపోయింది. రోజూ ఫోన్ తెప్పించుకొని తన ఫొటో చూసుకునేది.

ఆ పేజీ చర్చకు వచ్చింది. ‘ఈమె దివ్యదృష్టి ఉందని తనకు తానే చెప్పుకుంటున్నారు’ అని ఎవరో రాశారు. “నాకు నేను చెప్పుకోక పక్కింటామె చెప్తదా?” అన్నది అత్తమ్మ. వాళ్ళు అడిగింది ఒక్కటే: ఈమెతో సంబంధం లేనివాళ్ళు ఎవరైనా పత్రికలోనో పుస్తకంలోనో ఈమె గురించి రాశారా? బావ పేపరు ముక్కలు చూపించాడు. అవి దసరా శుభాకాంక్షల ప్రకటనలు. వేయించింది బావే.

దానితో బావ సర్పంచి ఎన్నికలో దిగినట్టు దిగాడు. చుట్టాలందరికీ ఫోన్లు. “ఓటేసినవా? మీ ఇంటోళ్ళందరు వేసిండ్రా?” అని. ఒకరి వెనుక ఒకరు వెళ్ళి ‘ఉంచాలి’ అని రాశారు. ఒకాయన ‘అత్తమ్మకే మన ఓటు’ అని రాశాడు. నేను కూడా రాయించాను, ఎందుకు దాచాలి! అక్కడినుంచి ఒక జవాబు వచ్చింది. ‘ఇక్కడ ఓట్లు లెక్కపెట్టం, ఆధారాలు చూస్తాం.’

నా బిడ్డ వంతు వచ్చింది. ‘ఈమె నాకు అవ్వ అవుతారు కాబట్టి నిర్ణయంలో నేను పాలుపంచుకోను. కానీ అడిగిన ఆధారాలు నాకూ దొరకలేదు’ అని రాసింది. పేజీ పోయింది.

నా బిడ్డకు నడక నేర్పింది అత్తమ్మే. అందుకే దెబ్బ లోతుగా తగిలింది. “నేను ఉన్ననా లేనా అని గీ పొల్ల తీర్పు చెప్తదా?” అని, బిడ్డ ఊరికి వచ్చినప్పుడల్లా గోడవైపు తిరిగి పడుకునేది. బిడ్డ నా దగ్గర ఏడ్చేది. “నాయినా, అవ్వ లేదని నేనెప్పుడన్న? గీడ రాయనీకి ఆధారం లేదన్న, గంతే.” గోడకు అటూ ఇటూ మాటలు మోసి మోసి నేను అలసిపోయాను. అత్తమ్మకు ఒళ్ళు బాగుండడం లేదు. ఇట్లనే పోతే నా బిడ్డ బతుకంతా ఆ గోడవైపు తిరిగిన వీపునే చూస్తుందేమోనని నా భయం.

నేను మొదట చెప్పిన ఆ రోజు బిడ్డ వచ్చి మంచం పక్కన నిలబడింది. “అవ్వా, నీ కోసం రాలే. అంజనం కోసం వచ్చిన” అన్నది. వీపు కదలలేదు. “అంజనం మీద పేజీ రాస్తున్న. దానికి పుస్తకాలు దొరికినయి. ఆకుకు కాటుక ఎట్ల రాస్తరో బొమ్మ లేదు. జర చూపియ్యవా?”

“నన్ను లేదంటిరి. ఇప్పుడు ఆకు రాయనీకి పనికొచ్చిన్నా?”

“ఆకు రాసుట్ల నిన్ను మించినోళ్ళు లేరు గద.”

“గది ఏ పేపర్ల పడ్డది?”

బిడ్డకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు విని అత్తమ్మ ఇటు తిరిగింది. తిరిగి, తనూ నవ్వింది.

“మొఖం పడ్తదా?”

“పడది. చెయ్యొక్కటే.”

“పేరు?”

“పేరు సుత ఉండది.”

“నిజమని రాస్తవా?”

“జనం నమ్ముతరని రాస్త అవ్వా. నిజమని రాయ.”

“గట్లనే రాయి. లేనిది రాస్తే పెంచినందుకు నాకే సిగ్గు” అని అత్తమ్మ లేచి కూర్చొని, “తిన్నవా?” అన్నది.

రొట్టె తిన్నాకే ఆకు రాసింది. బిడ్డ ఫొటో తీసింది. ఆ చెయ్యి ఇప్పుడు అంజనం పేజీలో ఉంది.

వాళ్ళిద్దరూ కలిసిపోయిన ఈ కబురు అందరికీ చేరాలి. ఆత్మకూర్‌లో మా చెల్లెకు, వాడకట్టంతా తిరిగి ఓట్లేయించింది పాపం. నల్లగొండలో మా వియ్యపురాలికి. హైదరాబాద్‌లో బావ తమ్మునికి, వాడింకా నా బిడ్డ మీద కోపంగానే ఉన్నాడు. వనపర్తిలో మేనకోడలికి. పానగల్‌లో చిన్నత్తకు, అత్తమ్మకు మిగిలిన ఒక్క చెల్లెలు ఆమె. ఆమెకు ఫోన్ చేస్తే వినపడదు, ఫొటో చూపిస్తే కనపడదు. నేనే పోయి, పక్కన కూర్చొని, ఆమె అరచెయ్యి తెరిచి, అందులో ఒక తమలపాకు పెట్టాలి.