మందను మళ్లీ దొడ్డికి తోలిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరి బడిలో ఆరో తరగతిలో ఇంగ్లీషు మొదలయ్యేది. నాకు ఒకటో తరగతి కూడా మొదలు కాలేదు. జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ నడుమ పల్లె మాది. గొర్రెలు కాసే ఇల్లు. ఆడపిల్ల బడికి పోతే మంద వెనక ఒక మనిషి తగ్గుతుంది. అందుకని పంపలేదు. ఎవరినో తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను.

ముళ్లకంపతో కట్టిన మా గొర్రెల దొడ్డికి ఆనుకునే గుడి పూజారి ఇల్లు. ఒక ఏడాది ఆ ఇంటికి ప్రొద్దుటూరు నుంచి ఒక అక్క వచ్చింది. పూజారికి తమ్ముడి కూతురు. ఇంగ్లీషు టీచరు ట్రైనింగు చదువుతోంది. ఆ చదువులో భాగంగా కొన్నాళ్లు మా ఊరి బడిలో పాఠాలు చెప్పాలి. చివరి రోజు ఒక పెద్దసారు వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, ఆమె చెప్పే పాఠం ఒకటి చూస్తాడు. ఆయన సరేనంటే టీచరు, లేకపోతే లేదు. అంతకు ముందు ఏడాది ఆమె ఆ పరీక్షలో తప్పింది. ఈసారీ తప్పితే చదువు మానిపించి ఇంట్లో కూర్చోబెడతానని వాళ్ల నాయన చెప్పి పంపాడు. ఈ సంగతి ఆమే మా అమ్మకు చెప్పుకుని ఏడ్చింది.

రోజూ సాయంత్రం అక్క ఇంటి వెనక నాపరాళ్ల గోడ ముందు నిలబడి మరుసటి రోజు పాఠం అప్పజెప్పుకునేది. నేను దొడ్డిలోంచి వినేదాన్ని. ఇంగ్లీషు నాకు తెలియదు గానీ ఒక సంగతి మాత్రం కనిపెట్టాను. ఆమె ఎప్పుడూ పాఠం చివరికి చేరదు. నాలుగు మాటలు చక్కగా సాగేవి. ఎక్కడో నాలుక తడబడేది. వెంటనే రెండడుగులు వెనక్కి వేసి, గొంతు సవరించుకుని, మళ్లీ మొదటి మాట నుంచి ఎత్తుకునేది. బడి వెనక మంద మేపుతూ కిటికీలోంచి చూసేదాన్ని, బడిలోనూ అదే తంతు. గంట కొట్టేసరికి పాఠం మొదటి పుట దాటేది కాదు. పిల్లలు మొదట్లో ఊరకున్నారు. తర్వాత నవ్వారు. ఆ తర్వాత నవ్వడం కూడా విసుగు పుట్టి, బెంచీల కింద గోలీలు ఆడుకున్నారు.

నాతో మాత్రం ఆమె తడబడకుండా మాట్లాడేది. ఒక సాయంత్రం దొడ్డి దగ్గరికి వచ్చి ఒక్కో గొర్రెనూ చూపించి పేరు అడిగింది. నల్లది కర్రి, మచ్చలది బొల్లి అని చెప్పాను. అన్నీ విని, కర్రి వీపు నిమిరింది. తర్వాత అంది: "నాకు ఇంగ్లీషులో చాలా మాటలు తెలుసే. ఆకలిని ఏమంటారో తెలుసు. కానీ ఆకలేసినప్పుడు ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. నీవి కొన్నే గానీ, అన్నీ వాడిన మాటలు."

"అయితే నీయన్నీ పెట్టెలో మడిచి పెట్టిన కోకలక్కా. కట్టనే ల్యా" అన్నాను. నవ్వింది. అవునంది.

అంత మనసు విప్పి మాట్లాడిన మనిషిని నేను మరుసటి రోజే నీళ్ల తొట్టి దగ్గర ఎగతాళి చేశాను. రెండడుగులు వెనక్కి వేసి, గొంతు సవరించి, నోటికి వచ్చిన ఇంగ్లీషు వాగి, మళ్లీ రెండడుగులు వెనక్కి వేశాను. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. తల తిప్పి చూస్తే అక్క బిందెతో నిలబడి ఉంది. నీళ్లు ముంచుకుని వెళ్లిపోయింది. గొర్రెలకు నీళ్లు పెడుతున్న మా అబ్బ, అంటే మా నాయనకు నాయన, అది కూడా చూశాడు.

పరీక్షకు రెండు రోజుల ముందు ఆదివారం. అబ్బ పూజారి ఇంటి ముందు నిలబడి అక్కను పిలిచాడు. "అమ్మణ్ణీ, ఈ పొద్దు బడి ల్యాకపాయ. మందెనక రా, గాలి మారతాది."

నీళ్ల వంక దాటితే జొన్న కోసిన చేలు. ఆ రోజు మేత అక్కడే. బండిబాటకు ఒక పక్క శనక్కాయ చేను పచ్చగా ఉంది. కాస్త దూరం పోయామో లేదో బొల్లి పక్కకు తిరిగి ఆ చేలోకి దిగింది. నేను ఉరకబోయాను. అబ్బ నన్ను ఆపి, తానే మందకు ఎదురు నిలబడి, కట్టె అడ్డం పెట్టి, గొర్రెలన్నింటినీ వెనక్కి మళ్లించాడు. దొడ్డి దాకా తోలి, లోపలికి పంపి, కంప వేశాడు. మళ్లీ కంప తీశాడు. "పదండి, మొదట్నుంచి" అన్నాడు.

రెండోసారి ఒక గొర్రెపిల్ల వెనకబడింది. మళ్లీ దొడ్డికే. మూడోసారి ఏదో కంపచెట్టు దగ్గర రెండు ఆగాయి. మళ్లీ దొడ్డికే. ఎండ నెత్తి మీదికి వచ్చింది. గొర్రెలు రొప్పుతున్నాయి, పిల్లలు అరుస్తున్నాయి. బాటన పోయే ఒకాయన ఆగి, "ఏమప్పా పెద్దాయనా, గొర్రెలకు దొడ్డి చూపిస్తాండావా, దొడ్డికి గొర్రెల్ని చూపిస్తాండావా?" అన్నాడు. అబ్బ మందను తోలుతూనే ఉన్నాడు. నాలుగోసారి కంప వేయబోతుంటే నేను ఆగలేకపోయాను.

"అబ్బా, నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఒకటి పక్కకు పోతే మందనంతా ఎనక్కి తోల్తారా యాడన్నా? కేకేస్తే అదే వచ్చి కలుస్తాది. కలవకుంటే సాయంత్రం చూసుకుందాం. ముందు మేత కాడికి పోవాల గదా!"

"నాకెందుకు చెప్తాండావు మే? నాకు తెలుసు" అన్నాడు అబ్బ. "ఆ యక్కకు చెప్పు."

నాకు కాసేపు అర్థం కాలేదు. అక్కకు వెంటనే అర్థమైంది. బాట పక్కన బండ మీద కూర్చుండిపోయింది. ముఖం తుడుచుకుని అంది: "మా ఇంట్లో అలా కాదు తాతా. మంత్రంలో ఒక్క స్వరం తప్పినా నాన్న వేలు ఎత్తేవారు. అన్నయ్యలు మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిందే. గడప దగ్గర కూర్చుని అది వింటూ పెరిగాను. తప్పును దాటి ముందుకు పోవడం నాకు చేత కాదు."

"దేవునికి చెప్పేది అట్లే చెప్పాల తల్లీ. ఆయప్ప ఎంతసేపైనా కాచుకోనుంటాడు" అన్నాడు అబ్బ. "పిల్లోల్లు కాచుకోరు."

తర్వాత నా వైపు తిరిగాడు. "ఇప్పుడు అరిచినావే ఆ మాట, తొట్టి కాడ ఎగతాళి చేసిన పొద్దే చెప్పింటే నీ నోరేమన్నా అరిగిపోయేదా?"

ఆమెకు పనికొచ్చే మాట నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. దాన్ని ఇవ్వకుండా నవ్వు మాత్రం ఇచ్చాను.

పరీక్ష రోజు మందను బడి వెనక బీడులో వదిలి కిటికీ దగ్గర నిలబడ్డాను. పెద్దసారు వెనక బెంచీలో ఉన్నాడు. మూడో మాటకో నాలుగో మాటకో అక్క నాలుక చిక్కుకుంది. కుడికాలు వెనక్కి పోయింది. కాలు అక్కడే కాసేపు నిలిచింది. చేతిలో సుద్దముక్క విరిగింది. తర్వాత ఆ కాలు ముందుకు వచ్చింది, తర్వాతి మాట వినిపించింది. ఇంకా చాలాచోట్ల తప్పిందని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. కానీ ఆగలేదు. గంట కొట్టకముందే పాఠం అయిపోయి, పిల్లలను ప్రశ్నలు అడిగే దాకా వచ్చింది. మా వీధి పిల్ల ఒకతి లేచి ఒక ఇంగ్లీషు మాట జవాబు చెప్పింది. ఆ గదిలో టీచరు నోటి నుంచి కాక పిల్లల నోటి నుంచి ఇంగ్లీషు వినడం నాకు అదే మొదలు.

తప్పులు చాలా ఉన్నాయని, దిద్దుకోమని చెప్పి, పెద్దసారు ఆమెను పాసు చేశాడు. ఆమె పరుగున వచ్చి చెబితే మా అబ్బ, "సరే, ఇంత తిన్నావా ల్యాదా?" అని మాత్రం అడిగాడు. నేను ఆమెతో తప్పైందని చెప్పలేదు. ఆమె ఊరికి పోయే రోజు పెట్టె బస్సు దాకా నెత్తిన మోశాను.

పులివెందుల వైపు కాపురానికి వచ్చి, పిల్లలను పెంచి, యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. మొదట్లో ఒక్క గుణింతం తప్పితే పలకంతా తుడిచేదాన్ని. నాకు అక్షరాలు చెప్పే పిల్ల బతిమాలినా వినలేదు. ఒక రోజు పలక తుడవబోతూ అక్కను తలుచుకుని చేయి ఆపాను. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మా ఆడవాళ్ల సంఘంలో ఒక కాగితం పైకి చదవమన్నారు. రెండుచోట్ల తడబడ్డాను. వేలిముద్ర వేసే ఒకామె పకపకా నవ్వింది. నేను చివరి వరుస దాకా చదివి కూర్చున్నాను.

అందరూ లేచి పోయాక ఆమెను ఉండమన్నాను. నాకు తెలిసింది చెబుతాను, నేర్చుకుంటావా అని అడిగాను. సిగ్గుపడుతూనే పలక పట్టింది. మొదటి అక్షరం వంకర పోయింది. తుడవడానికి కొంగు ఎత్తింది. ఆ చేయి పట్టుకుని, "అది అట్లే ఉండనీ, దాని పక్కది రాయి" అన్నాను.