తీసుకెళ్లని పదకొండు కవర్లు

నీ ఉత్తరాల పెట్టె తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? చెప్పు. తల గోక్కోవద్దు, నీకు తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ పోయిన శుక్రవారం తెల్లవారేసరికి మురుంగపాక్కంలో, అద్దె ఇంటి ముందుగదిలో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కన్నుమూశాడు. మన సంఘం మెయిలింగ్ లిస్టును ఇన్నాళ్లూ తన ఇంట్లోనే, సొంత కంప్యూటర్ మీద నడిపిన పెద్దాయన. తపాలా శాఖలో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరైన మనిషి. ఆ కబురు మీకు చేరవేసింది నేననుకున్నారా? నేను టైపు చేశానంతే. మోసింది ఆయన మిషనే.

ఆ కబురుకి నాలుగు సానుభూతులు వచ్చాయి. అయిదో ఉత్తరం మన కార్యదర్శిది. ఇక ఆ పాత మిషను ఎందుకు, ఇంకొక కంపెనీ వాళ్లు అంతా ఊరికే ఇస్తున్నారు, అక్కడికి మారిపోదాం, ఆయన జ్ఞాపకంగా ఒక పేజీ కూడా పెడదాం అన్నాడు. అప్పటికి శవం ఇంట్లోంచి లేవలేదు. ఆ ఉత్తరానికి 'బాగుంది' అని జవాబిచ్చినవాళ్లారా, ఇది మీకోసమే రాస్తున్నాను. కూర్చుని చదవండి. మనలో తెలుగు అక్షరాలు రానివాళ్లకి చదివి వినిపించండి.

నేను యానాం నుంచి వచ్చినవాణ్ణి. కంప్యూటర్లు బాగుచేస్తాను, ఆదివారాలు ఇళ్లల్లో వాక్యం చెబుతాను. రెండూ ఎవరూ నేర్పలేదు. అట్ట ఊడిపోయిన పరిశుద్ధ గ్రంథం ఒక సంచిలో, స్క్రూడ్రైవర్లు ఇంకో సంచిలో. ఈ తమిళ ఊళ్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరని వచ్చాకే తెలిసింది. తెలుగు రాతను తమిళ అక్షరాల్లో చూపించే ప్రోగ్రాము ఒకటి తయారు చేద్దామనీ, దాని సోర్సు కోడు అందరికీ తెరిచి ఉంచుదామనీ కొందరం కలిశాం. అదే మన సంఘం. ప్రోగ్రాము రాసేవాళ్లం మనం. అది పలికించేది తప్పో ఒప్పో చెప్పేవాళ్లు మురుంగపాక్కం, వీరాంపట్టినం ముసలివాళ్లు. మరి ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిపిందెవరు?

ఆయన ముందుగదిలో గోడనిండా చెక్క అరలు. తపాలా ఆఫీసులో ఉన్నట్టే, మనిషికొక అర. లిస్టులోకి వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ అచ్చుతీసి, కంప్యూటర్ లేనివాళ్ల అరల్లో వేసేవాడు. వాళ్లు చదవలేకపోయినా ఎవరి ఉత్తరం వాళ్ల చేతికే చేరాలని, సాయంత్రం సైకిలెక్కి వీరాంపట్టినం దాకా పోయి ఇచ్చి వచ్చేవాడు. ఆదివారం మధ్యాహ్నం ముసలివాళ్లంతా ఆ గదిలో చేరితే ఆయన చదివి వినిపించాలి, వాళ్లు చెప్పిన జవాబు ఆయనే టైపు చేయాలి. కీబోర్డు ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవాడు. పని అయ్యాక దానిమీద తెల్ల తువ్వాలు కప్పేవాడు. వీరాంపట్టినం అవ్వ ఒకావిడ నా ప్రోగ్రాము తమిళ అక్షరాల్లో చూపించినది ఆయన చదవగా విని, "ఏందిది, జలుబు చేసినోడు మాట్లాడినట్టు ఉండాది" అంది. ఆయన అదీ తు.చ. తప్పకుండా టైపు చేసి నాకే పంపాడు.

"ఇది కూడా పంపాలా మామా?" అని అడిగాను.

"మధ్యలో ఉండేవాడికి మూడే రూల్సప్పా. చదవకూడదు, దాచకూడదు, పారేయకూడదు. ఈ ముసలోళ్లు చదవమంటారు గాబట్టి మొదటిది పోయింది. మిగతా రెండూ నన్ను విడిచిపెట్టమంటే ఎట్లా?"

ఆయన నుదుటి మీద విభూతి. నేను ఊరుకుంటానా? ఎన్నిసార్లు వాక్యం చెప్పానో. ఓపిగ్గా విని, "నీ దేవుడు మంచోడే పాస్టరూ, నువ్వే శానా అరుస్తావు" అనేవాడు. నేను పాస్టర్ని కానని ఆయనకి తెలుసు. నేను ఉడుక్కుంటానని అంతకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు, ఇంతకుముందొకసారి ఇలాగే మారిపోదామనుకున్న ఆ రోజు సంగతి. వైట్ టౌన్‌లో మిద్దెమీద గదిలో సంఘం కూడింది. కార్యదర్శి లేచి, "మామా, కరెంటు పోతే మీ మిషను పడుకుంటుంది. కంపెనీ వాళ్లది ఎప్పుడూ పడుకోదు. అన్నీ సుమ్మా, ఊరికే ఇస్తున్నారు" అన్నాడు.

"సుమ్మా ఇచ్చేవాడు సుమ్మా పీక్కోనూ పీక్కుంటాడు. అట్ల పీక్కుంటే యాడికి పోయి అడుగుతావప్పా?"

"అంత పెద్ద కంపెనీ మామా, మనతో వాళ్లకేం పగ?"

"పగ ఉంటే బాగుండు. పగ ఉన్నోడికి మన మొగమైనా గుర్తుంటాది. నా తలుపు మూసుంటే తట్టచ్చు. నేను లేకపోతే నా కూతురు తీస్తాది. వాండ్ల తలుపు యాడుందో చూపించు, నేనూ వొస్తా."

గదిలో నవ్వులు. చేతులెత్తమన్నారు. మారిపోదామని పదకొండు చేతులు లేచాయి. వాటిలో ఒకటి నాది. అవును, నాదే! ఇసుకమీద ఇల్లు కట్టినవాడి బుద్ధిలేనితనం గురించి ఆ ఉదయమే గంటసేపు అరిచి వచ్చాను. మధ్యాహ్నం ఇసుక తట్ట నేనే ఎత్తాను. గ్రంథంలో, పొయ్యిమీది పప్పు వాసనకి తన జ్యేష్ఠత్వపు హక్కును తమ్ముడికి వదులుకున్న అన్నను ఎన్ని ఇళ్లల్లో ఎండగట్టాను! ఆకలేసి వదులుకున్నాడు ఆయన. నాకు ఆకలి కూడా లేదు, నలుగురితోపాటు కొత్తగా ఉండాలన్న సరదా.

కొత్తచోట ప్రతి మనిషికీ ఒక ఖాతా ఉండాలన్నారు. ముసలివాళ్లు తొమ్మిదిమంది. నేను తెలివైనవాణ్ణి కదా, నా షాపులో ఒకే మిషను ముందు కూర్చుని, ఒకే మధ్యాహ్నం తొమ్మిది ఖాతాలూ తెరిచాను. ఆదివారం ఆదివారం తొమ్మిదిమంది జవాబులూ ఆ మిషనులోంచే పంపాను. మన పద్ధతే అది, ఒకరు చదివితే పదిమంది వినడం, ఒకరి వేళ్లతో పదిమంది రాయడం. ఏడాది గడిచాక కంపెనీవాళ్ల యంత్రానికి అనుమానం వచ్చింది. ఒక దొంగ తొమ్మిది ముసుగులు వేసుకున్నాడని నిర్ణయించి, మొత్తం గుంపుకే తాళం వేసేసింది. వేడుకుంటూ ఎన్ని ఉత్తరాలు రాశామో మీకు తెలుసు. ప్రతిదానికీ అదే నాలుగు వాక్యాల యంత్రం జవాబు. తట్టడానికి తలుపు లేదు.

ఏడాది ఉత్తరాలు పోయాయి. వాటితోపాటు ఆ వీరాంపట్టినం అవ్వ చెప్పిన వలల మాటలు, గాలుల మాటలు, చేపల పేర్లు. కొత్తచోట ఎవరూ అచ్చుతీయలేదు, ఎవరూ దాచలేదు. మళ్లీ అడుగుదామంటే అవ్వ అప్పటికే లేదు. ఆ అవ్వ గొంతును మట్టిలో కలిపింది కంపెనీయా? కాదు. నా చెయ్యి. నీ చెయ్యి.

మొహం చెల్లక వారం తిరిగి, మురుంగపాక్కం వెళ్లాను. తిడతాడనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. తువ్వాలు తీసి చూపించాడు. మిషను నడుస్తోంది. ఏడాదిగా ఒక్క ఉత్తరం రాని లిస్టును ఏడాదిగా నడుపుతూనే ఉన్నాడు.

"ఎందుకు మామా ఆపలేదు?"

"మీరు పోయినారు. నేను యాడికి పోయినా? కాఫీ తాగుతావా?"

అందరం వెనక్కి వచ్చాం. వచ్చి ఏం చేశాం? ఉత్తరాలు వేయడం మొదలుపెట్టాం. మోయడం మళ్లీ ఆయనకే వదిలేశాం. కాళ్లు వాచి సైకిలెక్కలేని రోజుల్లోనూ ఆయనకే. దీపావళి ముందు నుంచి ప్రతి నెలా లిస్టులో ఒక చిన్న ఉత్తరం రాశాడు, గుర్తుందా? మీ అరలో కవరు ఉంది, వచ్చి తీసుకోండి అని. నేను చదివాను. ఎప్పటి అచ్చు కాగితాలేలే అనుకున్నాను. మీరూ అదే అనుకున్నారు. ఒక్కరం వెళ్లలేదు.

శుక్రవారం శవం లేచాక ఆయన కూతురు నన్ను ఆ అరల ముందుకి తీసుకెళ్లింది. పదకొండు అరల్లో పదకొండు అంటించిన కవర్లు. ఏ పదకొండో తెలుసా? ఆ రోజు చేతులెత్తినవాళ్లవి.

"చేర్పించేదానికి నేను పోతానంటే వొద్దన్నాడన్నా నాయన. 'వాండ్లే వొచ్చి తీసుకోవాల, తాళాన్ని ఇంటికి తీస్కపోయి ఇస్తే దాని విలువ తెలీదు' అన్నాడు" అంది.

నాది అక్కడే చించాను. మిషను తాళపు మాట, అదే పాస్‌వర్డు, లిస్టు తాళపు మాట, మిషనును ఇంకో ఇంట్లో ఎలా నిలబెట్టాలో ఒకటీ రెండూ మూడూ అని తపాలా చేతిరాతలో. కింద ఒక్క వాక్యం: దాచకూడదు, పారేయకూడదు.

నేనైతే తన ప్రభువునే ఎరగనని మూడుసార్లు అన్న ఆ శిష్యుడిలా బయటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చాను. ఏడుపుతో సర్వర్ నడవదు కాబట్టి ఆపేసి ఇది రాస్తున్నాను.

మిషను నేనొక్కణ్ణే ఎత్తుకురాగలను. తీసుకురాను. నా ఒక్కడి ఇంట్లో పెడితే రేపు నేనే మీ కంపెనీని, నా గుండె ఆగితే మళ్లీ ఇదే కథ. మూడు ఇళ్లు కావాలి. ఒకచోట మిషను, మిగతా రెండుచోట్ల దాని నకళ్లు. తాళపు మాట పదకొండుమంది దగ్గరా. ముసలివాళ్లకి అచ్చుతీసి ఇచ్చే వంతులు వేసుకోవాలి. ఇది బరువే. ఊరికే వచ్చేది కాదు. గ్రంథంలో, దీపాలకి నూనె తెచ్చుకోని కన్యలు పెళ్లింటి తలుపు మూశాక తట్టారు. ఏం జవాబు వచ్చిందో మీకు నేను చెప్పాలా?

ఆ ఇల్లు రేపు ఖాళీ చేస్తున్నారు. కూతురు చెప్పిన మాట చెప్పినట్టు రాస్తున్నాను: "ఈ పొద్దు దీపాలు పెట్టే లోపల వొస్తే ఇస్తానన్నా. రేపు పొద్దున పాత సామాన్లోడు వొస్తాడు, వాడికి ఏది నాయనదో ఏది ఇనుమో తెలీదు."

గోడమీద చెక్క అరలు. పది కవర్లు ఇంకా అక్కడే. కుర్చీ ఖాళీ. కీబోర్డు మీద తెల్ల తువ్వాలు ఎవరూ తీయలేదు. దాని పక్కన మోడెం పచ్చదీపం ఇంకా వెలిగి ఆరుతోంది, ఈ ఉత్తరాన్ని మీ దగ్గరికి మోస్తూ.

చదవడం అయిందా? జవాబు రాయొద్దు. బండి తియ్యి. ఈ రోజే, పొద్దు గుంకే లోపలే. వెళ్లి ఆ తలుపు తట్టు, కూతురు తీస్తుంది.