కొత్తిమీర మీద పోసిన నీళ్ళు

ఫ్రిజ్‌లో కవరు విప్పగానే కుళ్ళిన కొత్తిమీర వాసన కొట్టింది. చిన్నప్పుడు నేను ఏకంగా గంపెడు కుళ్ళబెట్టాను.

బొమ్మసంద్రలో అమ్మ ఇల్లిల్లూ తిరిగి ఆకుకూరలు అమ్మేది. మర్నాటి కొత్తిమీరను సాయంత్రం తడి గోనెలో చుట్టేది. చుట్టే ముందు గోనెను గట్టిగా పిండేది. నీళ్ళ కరువుకు పిసినారితనం చేస్తోందనుకున్నాను. ట్యాంకర్ వచ్చిన రోజు, పాపం దాహమేస్తుందని దాని మీద బిందెడు పోశాను. తెల్లారేసరికి ఆకంతా జిగురు.

"నిన్ను నీళ్ళు పోసుకోమంటే ఏడుస్తావు, దానికి బిందెడు పోసినావా తల్లీ! ఆకుకు తడి చాలే" అంది అమ్మ.

ఆరోజు కరివేపాకు ఒక్కటే తీసుకుని బయలుదేరింది. నేనూ వెంట నడిచాను. అందరూ కొత్తిమీర అడిగారు.

"ఈపొద్దు రాలేదప్పా" అంది.

చర్చికి వెళ్ళే మనిషి అబద్ధమాడుతోందేమిటని అప్పుడు అనుకున్నాను. నేను పక్కనే నిలబడి ఉన్నానని, నన్ను చిన్నబుచ్చకూడదని అలా చెప్పింది.