కండువా కప్పిన తమ్ముడు

హన్మకొండ బస్సులో ఎవరి ఫోన్‌లోనో వార్తలు మోగుతున్నాయి. రాష్ట్రపతి ఎన్నికలో మన ఎమ్మెల్యేలు క్రాస్ ఓటింగ్ చేస్తారా లేదా అని చర్చ. నా పక్కన కిటికీ దగ్గర మగ్గం నేసే ఒక పెద్దాయన.

"నేను సుత చేసిన బిడ్డా, పోయిన ఎలక్షన్ల. తాతల నుంచి మాది ఒక్కటే పార్టీ. మనిషి మంచోడని మొదటిసారి పక్క పార్టోనికి ఏసిన. మా తమ్ముడు నాతోని మాటలు బంద్ వెట్టిండు."

"ఆయన గెలిచాడా?"

"గెలిచిండు. గెలిచి మా పాత పార్టీలనే చేరిండు. మొన్న కండువా కప్పింది మా తమ్ముడే."

"మరి తమ్ముడు ఇప్పుడు మాట్లాడుతున్నాడా?"

"లేదు. పార్టీ మారినోనితోని మాట్లాడడట."

సుబేదారిలో ఆ ఎమ్మెల్యే ఫ్లెక్సీ కనిపించగానే పెద్దాయన కిటికీ అద్దం మూసేశాడు. లోపల ఒకటే ఉక్క. దిగేదాకా తెరవమని నేను అడగలేదు.